ఆకలి ఏ ఇంట్లో ఉందో ఎరిగినవాళ్ళు

నెల్లూరు నుంచి ఆత్మకూరు దారి పట్టి ముప్పై కిలోమీటర్లు దాటితే సంగం వస్తుంది. బీరాపేరు వాగు పెన్నలో కలిసే చోటు, సంగమేశ్వరుడి గుడి ఉన్న ఊరు. ఇక్కడ పెన్నకు అడ్డంగా 1880ల్లో కట్టిన ఆనకట్ట నూట ముప్పై ఏళ్ళకు పైగా కాలువలకు నీళ్ళిచ్చింది. 2022 సెప్టెంబరు 6న కొత్త బ్యారేజీ ప్రారంభమైంది. దాని కింద ఆయకట్టు 3.85 లక్షల ఎకరాలు. నీళ్ళున్న ఏడాది మొదటి పంట ఇంటికి రాగానే రెండో పంట ఎడగారుకు నారు పోస్తారు. వడ్ల సంగతి ఇప్పటికీ పుట్ల లెక్కలో మాట్లాడుకునే సీమ ఇది.

అలాంటి సీమలో ఆకలేమిటని అడగాలనిపిస్తుంది. గాదెలు నిండిన ఊళ్ళోనే పొయ్యి రాజేయని ఇల్లు కూడా ఉంటుందని కాలువ గట్టు మీద కాపురముండే ఏ కూలీనడిగినా చెబుతారు. పంట రైతుది, బియ్యం మిల్లుది. కూలీకి దక్కేది పని ఉన్న రోజుల కూలి డబ్బు మాత్రమే. నాట్లప్పుడూ కలుపులప్పుడూ చేతినిండా పని. వరికోత యంత్రాలు వచ్చాక కోతల కాలంలో ఆ పని కూడా చాలావరకు పోయింది. యంత్రం ఒక్క పూటలో ముగించే పొలం ఒకప్పుడు పదిమంది ఇళ్ళలో కొన్ని రోజుల తిండిగింజలు.

ప్రభుత్వం ఇచ్చే బియ్యం లేకపోతే పరిస్థితి ఇంకెంత ఘోరంగా ఉండేదో ఊహించుకోవచ్చు. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. 2013లో ఆహార భద్రతా చట్టం వచ్చింది. 2023 జనవరి నుంచి ఆ చట్టం కింద మనిషికి నెలకు 5 కిలోలు ఉచితంగా ఇస్తున్నారు. లెక్క వేస్తే రోజుకు నూట అరవై గ్రాముల పైచిలుకు. మట్టి పని చేసే మనిషికి అది ఒక పూట అన్నం. రెండో పూట బియ్యం కొనాలి. పప్పు, నూనె, కూరగాయలు, పిల్లలకు పాలు అన్నీ కొనాలి. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఐదేళ్ళలోపు పిల్లల్లో 31.2 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు ఎదగలేదు. 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. అన్నం తిన్నా ఒంటికి పట్టనంత వెలితి ఇది. పైకి కనబడదు కాబట్టి సాయం చేద్దామనుకున్నవాళ్ళు కూడా దాన్ని దాటుకుని వెళ్ళిపోతుంటారు.

పెట్టే చేతులకు నెల్లూరు సీమలో ఎప్పుడూ కొదవ లేదు. వెంకటాచలం మండలంలోని గొలగమూడిలో 1982 ఆగస్టు 24న సమాధి అయిన వెంకయ్య స్వామి ఆశ్రమంలో నిత్యం అన్నదానం జరుగుతుంది. ఇదే సీమలో పుట్టిన కాశిరెడ్డి నాయన కడప జిల్లా జ్యోతి క్షేత్రంలో పెట్టిన పొయ్యి ఆయన 1995లో పోయాక కూడా ఆరలేదు. అటు గోదావరి లంకల్లో డొక్కా సీతమ్మ 19వ శతాబ్దంలోనే వేళాపాళా చూడకుండా వచ్చినవారికల్లా వడ్డించింది. 2024లో రాష్ట్ర ప్రభుత్వం బడిపిల్లల మధ్యాహ్న భోజనానికి ఆమె పేరే పెట్టింది.

ఈ వంటశాలల్లో పని దగ్గర నుంచి చూస్తే భక్తి ఎంతో, శ్రమ అంత. గాడిపొయ్యి మీద వరసగా గుండిగలు ఎక్కుతాయి. అన్నం వార్చేటప్పుడు ఇద్దరు బలమైన మనుషులు చెరో పక్క గుడ్డలు చుట్టి పట్టుకోవాలి, మూడో మనిషి వేడి గంజి కాలవలోకి మళ్ళించాలి. కూరగాయలు తరిగేవాళ్ళు, విస్తళ్ళు వేసేవాళ్ళు, ఎంగిలాకులు ఎత్తేవాళ్ళు చాలామంది జీతం లేకుండా వచ్చినవాళ్ళే. బంతిలో కూర్చున్న మనిషిని కులమేదని, ఊరేదని అడగరు. కార్డు చూపించమని అడగరు. ఆకలితో వచ్చినవాడికి అంతకు మించిన మర్యాద లేదు. ఒక్కటే చిక్కు. వచ్చినవాళ్ళకే అక్కడ అన్నం. మోకాళ్ళు పట్టేసి మంచం దిగలేని ముసలమ్మ, బాలింత, పరువుకు జంకి బంతిలో కూర్చోలేని బక్క రైతు రారు. వాళ్ళ గడప దాకా ఎవరో ఒకరు నడిచి వెళ్ళాలి.

అలా నడిచినవాళ్ళ కథ ఒకటి ఈ జిల్లాలోనే, ముప్పై ఏళ్ళ కిందట జరిగింది. దేశమంతా అది తెలుసుకుంది.

1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షర దీపం పేరుతో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం నడిచింది. ఊరికి కొద్దో గొప్పో చదువుకున్న కుర్రాళ్ళు, ఆడపిల్లలు చదువు చెప్పేందుకు ముందుకొచ్చారు. జీతం లేదు. పగలంతా పొలం పనికి పోయి వచ్చిన ఆడవాళ్ళు అన్నాలు తిని, పిల్లల్ని పడుకోబెట్టి, రాత్రిపూట పలక పట్టుకుని వీధి దీపం కింద కూర్చునేవాళ్ళు. కళాజాత బృందాలు ఊరూరా పాటలు పాడాయి, నాటికలు ఆడాయి. చెప్పడానికి వచ్చింది అక్షరాలే. కానీ రోజూ రాత్రి అదే వాడలో కూర్చుంటే ఎవరింట్లో ఏం జరుగుతోందో తెలియకుండా ఉండదు. నిన్న వచ్చిన మనిషి ఇవాళ ఎందుకు రాలేదని అడిగితే సమాధానం ఒకటే వచ్చేది: మొగుడు సారా తాగి వచ్చి కొట్టాడు. ఇంట్లో గింజలు ఎందుకు లేవంటే కూడా అదే. ఇద్దరి కూలి కలిపినా సారా పాకెట్లకే చాలడం లేదు.

కలిగిరి మండలం దూబగుంటలో ఆడవాళ్ళు కూడబలుక్కుని ఊళ్ళోకి సారా రానివ్వలేదు. ముందు నిలబడ్డ వర్ధినేని రోశమ్మను లోకం దూబగుంట రోశమ్మగా ఎరుగుతుంది. ఆ ఊరి కథే ‘ఆడవాళ్ళు ఏకమైతే’ అన్న పాఠంగా అక్షరాస్యత వాచకంలోకి ఎక్కింది. వాచకం జిల్లా అంతటా చదివారు. ఒక వాడ గొడవ వందల వాడల గొడవైంది. 1992లో ఆడవాళ్ళు చీపుర్లు, కారప్పొడి పట్టుకుని సారా దుకాణాల మీదికి వెళ్ళారు, జిల్లాలో సారా వేలం పాటలు మళ్ళీ మళ్ళీ వాయిదా పడ్డాయి. 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలో, అదే ఏడాది అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం. రెండేళ్ళకే దాన్ని సడలించారన్నది చేదు నిజం. రోశమ్మ 2016లో కన్నుమూసింది.

ఆకలి సంగతి తెలుసుకోదలిస్తే ఆ తర్వాత జరిగింది ఇంకా ముఖ్యం. సారాకు పోయే డబ్బు మిగిలింది కదా, రోజుకో రూపాయి దాచుకుందామని ఆడవాళ్ళు కూర్చుని అనుకున్నారు. అదే పొదుపులక్ష్మి. నెల్లూరులో మొదలై డ్వాక్రా సంఘాలతో కలిసి రాష్ట్రమంతా పాకింది. రోజుకో రూపాయితో ఏం వస్తుందన్నవాళ్ళకు జవాబు పనుల్లేని నెలల్లో దొరికింది. బిడ్డకు జ్వరమొస్తే వడ్డీ వ్యాపారి గుమ్మం తొక్కకుండా సంఘం డబ్బులోంచి యాభయ్యో వందో తెచ్చుకోవచ్చు. పంటకు ముందే కూలి తాకట్టు పెట్టి అడ్వాన్సు తీసుకునే అవస్థ తగ్గింది. ఒక్క బస్తా బియ్యం కూడా పంచకుండా రాత్రిపూట చదువు చెప్పిన ఆ కుర్రాళ్ళు, ఆడపిల్లలు ఎన్నో ఇళ్ళలో పొయ్యి రాజేశారు. వాళ్ళ పేర్లు ఏ శిలాఫలకం మీదా లేవు. ఉండాల్సింది.

దీనికి ముందూ ఈ నేల మీద అలాంటి మనుషులు ఉన్నారు. సంగం నుంచి నెల్లూరు వెళ్ళే దారిలో బుచ్చిరెడ్డిపాలెం దగ్గరి మినగల్లులో 1892లో పుట్టిన పొణకా కనకమ్మ చిన్నతనంలోనే పెళ్ళై పొట్లపూడి వెళ్ళింది. బడి చదువు లేకపోయినా సొంతంగా చదువుకుంది. ఊళ్ళో గ్రంథాలయం పెట్టింది, దళితవాడల్లో సేవ చేసింది. పల్లిపాడులో పెన్న ఒడ్డున సత్యాగ్రహ ఆశ్రమానికి భూమి ఇచ్చింది. 1921 ఏప్రిల్ 7న గాంధీజీ వచ్చి ఆ ఆశ్రమాన్ని ప్రారంభించారు. 1923లో ఆడపిల్లల కోసం నెల్లూరులో కస్తూరిదేవి విద్యాలయం మొదలుపెట్టింది. ఇక నెల్లూరు లాయరు వెన్నెలకంటి రాఘవయ్య యానాదుల కోసం జీవితాన్నే ధారపోశారు. పుట్టుకతోనే దొంగలని ముద్ర వేసే చట్టం కింద నలిగిన జాతి అది. ఆ చట్టం రద్దు కోసం, వాళ్ళ చదువు కోసం, ఇంటి స్థలాల కోసం ఆయన ఆఫీసుల చుట్టూ తిరిగారు, వాడల వెంబడీ తిరిగారు. 1973లో పద్మభూషణ్ వచ్చింది.

యానాదుల ప్రస్తావన ఊరికే తేలేదు. పెన్న గట్లు, చెరువు కట్టలు, రొయ్యల గుంటల అంచులే నివాసంగా బతికే ఈ కుటుంబాలకు ఇవాళ్టి ఆకలి కాగితం రూపంలో వస్తుంది. బిడ్డ ఇంట్లో పుడితే జనన ధ్రువీకరణ ఉండదు. అది లేకపోతే ఆధార్ రాదు. ఆధార్ లేకపోతే బియ్యం కార్డులో పేరు ఎక్కదు. పేరు లేకపోతే ఆ బిడ్డ వాటా 5 కిలోలు ఉండవు. పని కోసం గుంట మారినప్పుడల్లా చిరునామా మారుతుంది. ఈ చిక్కుముడి విప్పడానికి డబ్బు అక్కర్లేదు. సచివాలయానికి మూడుసార్లు తోడు వెళ్ళే మనిషి కావాలి, ఫారం నింపగల చెయ్యి కావాలి, ‘రేపు రా’ అన్నప్పుడు రేపు మళ్ళీ వెళ్ళే ఓపిక కావాలి. ఒక్క పేరు కార్డులోకి ఎక్కితే ఏడాదికి 60 కిలోల బియ్యం. పుట్టినరోజుకు పంచే బిర్యానీ పొట్లాలు ఎన్నయినా దీనికి సాటిరావు.

కార్డు ఉన్నా తిప్పలు తీరవు. జీవితమంతా మట్టి పిసికిన ముసలివాళ్ళ వేలిముద్రలు అరిగిపోయి మిషను గుర్తుపట్టదు. 2021లో మొదలైన ఇంటింటి రేషన్ వాహనాలు 2025 జూన్ 1తో ఆగిపోయి మళ్ళీ చౌకధరల దుకాణాలు వచ్చాయి. 65 ఏళ్ళు దాటినవారికీ, దివ్యాంగులకూ సరుకు ఇంటికే అందించాలన్నది నిబంధన. ఆ వీధిలో అలాంటివాళ్ళు ఎవరెవరున్నారు, నెల మొదట్లో వాళ్ళకు సరుకు చేరిందా లేదా అని కనుక్కోవడం ఇంటర్ చదివే పిల్లలు కూడా చేయగల పని. గర్భిణి అంగన్‌వాడీలో పేరు రాయించుకుందా, ఆస్పత్రి పాలైన ఇంటాయనకు ఎన్టీఆర్ వైద్య సేవ వర్తిస్తుందా, ఇవన్నీ అడిగి తెలుసుకోవాల్సినవే. కూలి కుటుంబం ఆకలిలో పడేది ఎక్కువగా సంపాదించే మనిషి మంచాన పడ్డప్పుడే. మందుల అప్పు ముందు తీరుతుంది, పిల్లల పాలు ముందు ఆగుతాయి.

ఆపదలో సేవ తీరు వేరు. 2021 నవంబరు 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. ఆ నీళ్ళన్నీ పెన్నలోకి వచ్చి సోమశిల మీద పడ్డాయి. దిగువన ఊళ్ళు మునిగాయి. పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయింది, జాతీయ రహదారి కోతకు గురైంది, విజయవాడ–చెన్నై రాకపోకలు నిలిచిపోయాయి. అలాంటప్పుడు మొదటి రెండు రోజులు వండిన అన్నమూ తాగే నీళ్ళూ కావాలి. ఇంట్లో కట్టెలు, పొయ్యి, గ్యాసు అన్నీ తడిసి ఉంటాయి కాబట్టి బియ్యం ఇచ్చినా వండుకోలేరు. మూడో రోజు నుంచి బియ్యం, కందిపప్పు, నూనె, ఉప్పు, చింతపండు, అగ్గిపెట్టె కలిపి ఒక సంచి. వారం తర్వాత చాపలు, గిన్నెలు, పిల్లల పుస్తకాలు, తడిసి ముద్దైన కాగితాలకు నకళ్ళు. టీవీ కెమెరాలు ఉన్నన్నాళ్ళూ రోడ్డు పక్క ఊరికి ఐదు వాహనాలు వస్తాయి. లోపల వాగు దాటితే ఉన్న వాడకు ఒక్కటీ రాదు. పొట్లాలు కట్టేవాళ్ళు ఎంతమంది ఉన్నా, ఏ వాడకు ఏం చేరిందో కాగితం మీద రాసుకునే ఒక్క మనిషి లేకపోతే సగం అన్నం వృథా అవుతుంది.

ఇక పట్నాల సంగతి. 2014 ఆగస్టులో ప్రపంచమంతా నెత్తిన బకెట్‌తో ఐసు నీళ్ళు పోసుకుని వీడియోలు పెడుతుంటే, హైదరాబాదు విలేఖరి మంజులత కళానిధి ఆ బకెట్‌లో బియ్యం పోసి పక్కనున్న పేదవాడికి ఇవ్వండని పిలుపునిచ్చారు. రైస్ బకెట్ ఛాలెంజ్ పేరుతో అది తెలుగు నేల దాటి పాకింది. అదే నగరంలో దబీర్‌పురా వంతెన కింద అజహర్ మక్సూసీ 2012 నుంచి రోజూ మధ్యాహ్నం అన్నం పెడుతున్నారు. ఆకలికి మతం లేదన్నది ఆయన మాట. 2020 కరోనా కాలంలో ఎల్‌బీ నగర్‌లో దోసపాటి రాము బియ్యం ఏటీఎం అని పేరు పెట్టి, తలుపు తట్టినవాళ్ళకు వేళతో పని లేకుండా సరుకులిచ్చారు. మూడింటిలో ఒక్కొక్కటీ ఒక్కో మనిషి తలపు నుంచి పుట్టింది. పదిమంది చేతులు కలిశాయి కాబట్టి నిలబడ్డాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2018లో మొదలై, 2019లో మూతబడి, 2024 ఆగస్టు 15న తిరిగి తెరిచిన అన్న క్యాంటీన్లలో పూటకు ఐదు రూపాయలకే భోజనం. ఇంట్లో శుభకార్యమైతే ఒక పూట ఖర్చు విరాళంగా ఇచ్చేవాళ్ళున్నారు.

పెళ్ళి భోజనాల్లో మిగిలింది తీసుకెళ్ళి పంచుదామన్న ఆలోచన చాలామంది కుర్రవాళ్ళకు మొదట వస్తుంది. మంచి ఆలోచనే, కానీ జాగ్రత్త లేకపోతే ప్రాణాల మీదికి వస్తుంది. వండిన అన్నం 60 డిగ్రీల కంటే వేడిగానైనా ఉండాలి, 5 డిగ్రీల లోపు చల్లగానైనా ఉండాలి. ఆ మధ్యలో రెండు గంటలు దాటితే క్రిములు పెరుగుతాయి. బియ్యంలో ఉండే ఒక రకం క్రిమి ఉడికించినా చావదు, అది విడిచే విషం మళ్ళీ వేడి చేసినా పోదు. కొబ్బరి పచ్చడి, పప్పు, పెరుగన్నం తొందరగా చెడతాయి. చింతపండు పడ్డ పులిహోర కాస్త ఆగుతుంది. పదకొండింటికి వండిన పప్పును సాయంత్రం ఆరింటికి వాడకు పట్టుకెళ్ళడం దానం కాదు. మిగులు ఆహారం సేకరణ, పంపిణీకి దేశంలో 2019 నుంచి నిబంధనలున్నాయి. బంతులు ముగిశాక మిగిలిందేమిటని అడిగితే ఆలస్యమైనట్టే. వంటమేస్త్రీతో ముందురోజే మాట్లాడుకుని, వడ్డనకు ముట్టని గుండిగను మూత తీయకుండా ఎత్తుకెళ్ళాలి.

అమెరికాలో ఈ పని పెద్ద గోదాముల్లో జరుగుతుంది. 1967లో అరిజోనాలోని ఫీనిక్స్‌లో జాన్ వాన్ హెంగెల్ మొదలుపెట్టిన ఆహార బ్యాంకు పద్ధతి ఆ దేశమంతా ఉంది. 2017లో డల్లాస్ ప్రాంతంలోని భారతీయులు ‘హంగర్ మిటావ్’ పేరుతో ఉత్తర టెక్సాస్ ఆహార బ్యాంకుకు తోడయ్యారు. శనివారం పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్ళి డబ్బాలు వేరుచేసి పెట్టెలు కట్టే తెలుగు కుటుంబాలు అక్కడ మామూలు దృశ్యం. వాళ్ళ దగ్గర నేర్చుకోదగ్గది గడియారం పట్టింపు. పేరు రాయించుకున్న మనిషి ఆ రోజు, ఆ గంటకు వస్తారు.

నెల్లూరు చుట్టుపక్కల చేరదలచినవాళ్ళకు దారులు లేకపోలేదు. రెడ్‌క్రాస్ నెల్లూరు శాఖ రక్తనిధి నుంచి క్యాన్సరు ఆస్పత్రి దాకా నడుపుతోంది. కాలేజీల్లో 1969లో మొదలైన ఎన్‌ఎస్‌ఎస్ ఉంది. అందులో విద్యార్థి రెండేళ్ళలో 240 గంటలు పనిచేయాలి. ఆ గంటలు ఎక్కువగా మొక్కలు నాటడానికీ, ర్యాలీలకూ పోతున్నాయి. వాటిలో సగం ఒకే వాడకు, ఒకే పాతిక ఇళ్ళకు ఇస్తే రెండేళ్ళలో ఆ పాతిక ఇళ్ళ సంగతి ఆ పిల్లలకు కరతలామలకం అవుతుంది. ఏ సంస్థలో చేరినా ముందు అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. లెక్కలు చూపిస్తారా, పోయిన నెల వెళ్ళిన ఇంటికి ఈ నెల మళ్ళీ వెళ్తారా, సంచి అందుకునే మనిషి ముఖాన్ని ఫోటో తీసి వాట్సాప్‌లో పెడతారా? ఆ మూడో దానికి అవునంటే ఇంకో సంస్థను వెతుక్కోవడం మేలు. పక్కింటివాళ్ళు చూస్తుండగా చేయి చాపలేక ఆకలి దాచుకునే ఇళ్ళు మన ఊళ్ళలో ఎన్నో. చీకటి పడ్డాక గుమ్మం దగ్గర సంచి పెట్టి ఒక మాట చెప్పి వచ్చినా చాలు.

ఎప్పుడు వెళ్ళాలన్నదీ ముఖ్యమే. దానధర్మాలు ఎక్కువగా కార్తీకంలో, సంక్రాంతికి, రంజాన్‌కు జరుగుతాయి. నెల్లూరు కోస్తాలో గడ్డుకాలం వేసవి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు సముద్రంలో మరపడవల వేటకు నిషేధం. 2025 నుంచి ఆ కాలానికి ప్రభుత్వం అర్హులైన మత్స్యకార కుటుంబానికి 20 వేల రూపాయలు ఇస్తోంది. కానీ చేపలు ఎండబెట్టి అమ్ముకునే ఆడవాళ్ళకు, రేవులో గంపలు మోసే కూలీలకు అదే రెండు నెలలు పని ఉండదు. కాలువలకు నీళ్ళు రాని ఏడాది సంగం కింద ఎడగారు ఉండదు, నాట్లు ఉండవు. సరిగ్గా ఆ రోజుల్లోనే బడులకు సెలవులు. ఏప్రిల్ చివరి వారం నుంచి జూన్ రెండో వారం దాకా, దాదాపు ఏడు వారాలు, గుడ్డుతో కూడిన మధ్యాహ్న భోజనం పిల్లలకు అందదు. కాలేజీ పిల్లలకు పరీక్షలు ముగిసి తీరిక దొరికేదీ అప్పుడే. ఆ ఏడు వారాలకు ఒక వాడలో పిల్లల జాబితా మార్చిలోనే రాసుకుని, గుడ్లకూ పప్పుకూ నూనెకూ ఎంతవుతుందో లెక్కగట్టి, ఊళ్ళో దాతల దగ్గరికి ముందే వెళ్ళాలి. వంటకు బడిలో వండే అమ్మలనే అడగవచ్చు. ఆ సెలవుల్లో వాళ్ళకూ పని ఉండదు.